కొండపల్లి దశావతారాల సెట్: బొమ్మలకి దండం, కాగితానికి ఇంకో దండం

సంక్రాంతి బొమ్మల కొలువు కోసం ఆన్‌లైన్‌లో కొండపల్లి దశావతారాల సెట్ తెప్పించాను. బొమ్మలు ఎంత ముచ్చటగా ఉన్నాయో, వాటితో పెట్టిన కథల కాగితం అంత దరిద్రంగా ఉంది. అందుకే ఈ పొడుగు రివ్యూ.

తెల్ల పొణికి చెక్క కాబట్టి చేతిలో బరువే తెలియదు. చేతులు విడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు కదా, మత్స్యమూర్తి భుజం దగ్గర ఆ అతుకు వేలికి తగులుతుంది గానీ కంటికి కనపడదు.

ప్యాకింగ్ మాత్రం ఘోరం. పాత పేపరు చుట్టి పడేశారు, వరాహమూర్తి కోర ఒకటి విరిగిపోయింది. ఫోన్ చేస్తే "గమ్ పెట్టి అతికించుకోండి సార్" అన్నారు. ఆ కోర మీదే కదయ్యా భూమి నిలబడాల్సింది! నేను అతికిస్తుంటే మావాడు వచ్చి "దేవుడు పందేంటి నాన్నా?" అన్నాడు. నీళ్ళ అడుగున కూరుకుపోయిన భూమిని ముట్టెతో పెకలించి పైకి తేవాలి, ఏ జంతువైతే బాగుంటుందో నువ్వే చెప్పు అన్నాను. కాసేపు ఆలోచించి "పందే" అని ఒప్పుకున్నాడు. తిరుమలలో కూడా ముందు పుష్కరిణి గట్టున వరాహస్వామిని చూసి, ఆ తర్వాతే శ్రీనివాసుడి దగ్గరికి వెళ్ళాలని, నైవేద్యం కూడా ముందు ఆయనకేనని చెప్తే ఇంకా సంబరపడ్డాడు.

ఇక కాగితం. వరాహం హిరణ్యకశిపుణ్ణి చంపిందట! చంపింది హిరణ్యాక్షుణ్ణి. అన్నదమ్ములైతే మాత్రం ఒకడి చావు ఇంకొకడికి రాసేస్తారా? పైగా చేప, తాబేలు, పంది, సగం మనిషి, ఇదంతా పరిణామ సిద్ధాంతమేనని ఓ పేరా. వినడానికి బాగానే ఉంటుంది గానీ, శతపథ బ్రాహ్మణం అనే పాత వేదకాలపు గ్రంథంలో ఈ వరుసే లేదు, అక్కడ తాబేలు సృష్టికర్త ప్రజాపతి రూపం, భూమిని ఎత్తిన పందీ ప్రజాపతే, విష్ణువు అవతారాలుగా లెక్కపెట్టడం తర్వాత పురాణాల్లో వచ్చింది. పాలసముద్రం చిలికేటప్పుడు మందరపర్వతం దిగబడిపోతుంటే కింద ఆనడానికి గట్టి వీపు కావాలి, అందుకు తాబేలు. కథలోనే కారణం ఉండగా డార్విన్‌ని పిలవడం ఎందుకో.

నరసింహుడు మాత్రం సెట్ మొత్తానికి హైలైట్. గోళ్ళు ఒక్కొక్కటీ విడిగా చెక్కారు, తొడ మీద వెనక్కి వాలిపోయిన రాక్షసుడి కిరీటం పక్కకి ఒరిగి ఉంది, అది చెక్కిన చేతికి దండం పెట్టాలి. ఒక్కటే లోటు, స్వామిని పీట మీద కూర్చోబెట్టారు. గడప ఏది? మనిషీ మృగమూ కాని రూపం, పగలూ రాత్రీ కాని సంధ్యవేళ, నేలా ఆకాశమూ కాని తొడ, ఆయుధం కాని గోరు, ఇంటా బయటా కాని గడప. బ్రహ్మ ఇచ్చిన వరంలో ఉన్న సందులన్నీ వెతికి పట్టుకున్న కథ ఇది, ఏ లాయరూ పనికిరాడు. అందులో గడప తీసేస్తే ఎలా?

మిగతావాళ్ళు పర్లేదు, రంగులు మారాయి గానీ మొహాలన్నీ ఒకటే. బుద్ధుడికి బదులు బలరాముణ్ణి ఇచ్చారు, మాకేం ఇబ్బంది లేదు.

బొమ్మలకి నాలుగు స్టార్లు, ప్యాకింగ్‌కి ఒకటి, కాగితానికి సున్నా. గడప సంగతి విన్నప్పటి నుంచి మావాడు నరసింహుణ్ణి కొలువులో ఉంచట్లేదు, తెచ్చి మా వీధి గుమ్మం గడప మీద పెడుతున్నాడు. ఎవరు తొక్కేస్తారోనని నాకు ఒకటే టెన్షన్.