జడ్చర్లలో నల్లా నీటికి సాల్వెంట్ పరీక్ష: నమూనా సేకరణకు మంచి మార్కులు, నివేదికకు లేవు

పాలమూరు, నల్లగొండ ప్రాంతాలలో నీటి పరీక్ష అనగానే ముందు గుర్తుకు వచ్చేది ఫ్లోరైడ్, ఆ తరువాత టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న లవణాల మొత్తం). మా ఇల్లు జడ్చర్ల దగ్గర, మందుల కర్మాగారాలున్న పోలేపల్లి సెజ్‌కు మరీ దూరం కాదు. సంపులోకి మిషన్ భగీరథ నీళ్లు, బోరు నీళ్లు రెండూ వస్తాయి కాబట్టి, మందుల తయారీలో వాడే డైక్లోరోమీథేన్, టోలుయీన్ వంటి సాల్వెంట్ల (ఇతర పదార్థాలను కరిగించే రసాయన ద్రవాల) జాడ ఏమైనా ఉందేమో చూపించాలని హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు ప్రయోగశాల సేవను తీసుకున్నాను. టీడీఎస్ మీటరు నీటి విద్యుత్ వాహకతను మాత్రమే కొలుస్తుంది. సాల్వెంట్ కలిసినా దాని అంకె కదలదు. ఇందుకు గ్యాస్ క్రొమటోగ్రఫీ, మాస్ స్పెక్ట్రోమెట్రీ కలిసిన యంత్రం కావాలి. అందుకే ధర కూడా మామూలు పరీక్షకు చాలా రెట్లు ఉంటుంది.

నమూనా తీసుకోవడానికి వచ్చిన యువకుడి పని నాకు ఎంతో నచ్చింది. సంపులో నిలిచిన నీటి నుంచి సాల్వెంట్లు గాలిలోకి ఎగిరిపోతాయని చెప్పి, భగీరథ నీటిని నేరుగా నల్లా దగ్గర, బోరు నీటిని మోటారు పైపు దగ్గర వేర్వేరుగా పట్టాడు. ప్లాస్టిక్ సీసాలు వాడలేదు. 40 మిల్లీలీటర్ల గాజు సీసాలను అంచు వరకు నింపి, మూత బిగించి, తలకిందులు చేసి, గాలి బుడగ కనిపించిన ఒక సీసాను పక్కన పెట్టి మళ్లీ పట్టాడు. నల్లా నీటిలోని క్లోరిన్‌ను విరిచే మందును ఆ సీసాలలో ముందే వేసి తెచ్చాడు. అది లేకపోతే ప్రయోగశాలకు చేరే లోపల సీసాలోనే క్లోరోఫాం తయారవుతూ ఉంటుంది. తరువాత అన్నింటినీ ఐసు పెట్టెలో సర్దాడు. దారిలో బయటి ఆవిరి సోకిందో లేదో తేల్చడానికి శుద్ధజలం నింపిన సీసా ఒకటి వెంట రావలసింది, అది మాత్రం రాలేదు.

అసలు చిక్కు నివేదికతో వచ్చింది. ప్రతి పేరు ఎదుట ‘లీటరుకు 0.1 మిల్లీగ్రాము కంటే తక్కువ’ అని ముద్రించారు. చూడటానికి నిశ్చింతగానే ఉంటుంది. కానీ 0.1 మిల్లీగ్రాము అంటే 100 మైక్రోగ్రాములు. డైక్లోరోమీథేన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు 20 మైక్రోగ్రాములు, అమెరికా నియమం 5. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 క్లోరోఫాంకు 0.2 మిల్లీగ్రాము హద్దు పెట్టింది గానీ డైక్లోరోమీథేన్‌కు ప్రత్యేకంగా హద్దు చెప్పలేదు కాబట్టి, పోల్చడానికి ఆ బయటి అంకెలే దిక్కు. అమెరికా హద్దుకు దాదాపు 20 రెట్లు ఉన్నా ‘లేదు’ అన్నట్టే కనిపించే నివేదికకు అంత డబ్బు ఎందుకు కట్టాలి?

గట్టిగా అడిగితే, అది కర్మాగారాల మురుగునీటికి వాడే నివేదిక మూస అని, తమ యంత్రం 1 మైక్రోగ్రాము వరకు చూడగలదని ఒప్పుకొని, అదనపు రుసుము లేకుండా నివేదికను సవరించి పంపారు. బోరు నీటిలో ఏ సాల్వెంటూ ఆ స్థాయికి కూడా చేరలేదు. భగీరథ నీటిలో కొద్దిగా క్లోరోఫాం కనిపించింది. అది ఫ్యాక్టరీ నుంచి వచ్చిందని కంగారు పడనక్కరలేదు, క్లోరిన్ వేసిన నది నీటిలో మామూలుగా ఏర్పడేదే.

ఈ ఫలితాన్ని పక్కింటి బోరుకు వర్తింపజేయలేము. మనది రాతి నేల, నీరు పగుళ్ల వెంట నడుస్తుంది కనుక, ఆనుకొని ఉన్న రెండు బోర్ల నీరు కూడా వేరుగా ఉండవచ్చు.

పరీక్ష చేయించదలచినవారు ఎన్‌ఏబీఎల్ (ప్రయోగశాలలకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తు ఉందని ఆగిపోకుండా, ఆ గుర్తింపు ఈ సాల్వెంట్ల పరీక్షకు కూడా వర్తిస్తుందో లేదో పరిధి పత్రంలో చూడాలి. గుర్తింపును పరీక్షల వారీగా ఇస్తారు. వానాకాలం తరువాత బోరు నీటిని మళ్లీ ఇదే ప్రయోగశాలకు ఇస్తాను, కాకపోతే ఈసారి యంత్రం కనిపెట్టగల కనిష్ఠ స్థాయి ఎంతో ధరల పత్రంలోనే రాసి ఇమ్మని ముందే చెప్పాను.