బొబ్బిలిలో మా ప్లాంట్‌కి ఎనర్జీ ఆడిట్: కొలతలకి ఫుల్ మార్కులు, రిపోర్టుకి కాదు

మా ప్లాంట్ బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో. కరెంటు బిల్లు చూసి హెడ్డాఫీసోళ్ళు గోల పెడుతుంటే ఒక ఎనర్జీ ఆడిట్ కంపెనీని పిలిచాం. పేరు రాయను, వైజాగ్ వాళ్ళు.

బాగున్నది ముందు చెప్తా. పైడితల్లమ్మ సిరిమాను రోజు మాకు షిఫ్టులుండవు, జనమంతా విజయనగరం పోతారు, వీళ్ళు కావాలనే ఆరోజు వచ్చారు. మెషీన్లన్నీ ఆఫ్, గాలి వాడకం ఎక్కడా లేదు, ఒక్క గాలి కంప్రెసర్ ఆన్ చేసి అది ఎంతసేపు లోడ్ తీసుకుంటోంది (గాలి కొడుతోంది) ఎంతసేపు అన్‌లోడ్‌లో (గాలి కొట్టకుండా ఊరికే తిరుగుతూ) ఉంటోంది అని స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చున్నారు. పది నిమిషాల్లో మూడు నిమిషాలు లోడే, అంటే అది కొట్టే గాలిలో 30 శాతం ఎవడూ వాడకుండానే పోతోంది! తర్వాత చెవికి అందని లీకు శబ్దాన్ని పట్టే అల్ట్రాసోనిక్ గన్‌తో లైనంతా తిరిగి లీకున్న ప్రతి కప్లింగ్‌కీ ఎర్ర ట్యాగ్ కట్టారు. మర్నాడు అవి చూసి మా ఆపరేటర్ "ఏటి బాబూ, ఈ బుస్సుమనీదానికి కూడా కరెంటు కాలతాదేటి" అన్నాడు. కాలతాది మరి, 7 బార్ ప్రెజరున్న లైన్లో 3 మిల్లీమీటర్ల కన్నముంటే సుమారు 3 కిలోవాట్లు, రాత్రీ పగలూ నడిస్తే నెలకి 2 వేల యూనిట్లు. ప్రెజర్ కూడా ఒక బార్ దింపించారు, దాంతోనే కంప్రెసర్ కరెంటు 6, 7 శాతం తగ్గుతాది, పైసా ఖర్చు లేదు.

ఇక రిపోర్టు. లావుగానే ఉంది గానీ ఏ పేజీ తిప్పినా వీఎఫ్‌డీ (మోటారు స్పీడు పెంచి తగ్గించే డ్రైవ్) పెట్టండి అనే. బ్లోవర్‌కంటే ఒప్పుకుంటా, గాలికి అడ్డం పెట్టే డ్యాంపర్ సగం మూసి నడుపుతున్నాం, స్పీడు 20 శాతం తగ్గిస్తే పవర్ దాదాపు సగానికి పడిపోతాది. ఎప్పుడూ ఫుల్ లోడ్‌లో ఒకే స్పీడులో తిరిగే మోటారుకి ఎందుకండీ, డ్రైవ్‌లోనే ఇంకాస్త కరెంటు పోతాది కదా అనడిగితే నీళ్ళు నమిలారు. ఆఖర్న కొటేషన్ జోడించారు, ఆ డ్రైవులు అమ్మేది వీళ్ళ బంధువుల కంపెనీయేనంట! పవర్ ఫ్యాక్టర్‌కి మాత్రం ఒక్క పేరా. మా కరెంటు కంపెనీ ఈపీడీసీఎల్ వాళ్ళు హెచ్‌టీ (హై టెన్షన్) బిల్లు కేవీఏహెచ్ మీద వేస్తారు, అంటే పవర్ ఫ్యాక్టర్ తగ్గితే అదే పనికి బిల్లు పెరుగుతాది, దాన్ని సరిచేసే కెపాసిటర్ బ్యాంక్ చూడకుండా ఆడిట్ ఏంటో.

ఎవరైనా చేయించుకుంటే బీఈఈ (కేంద్ర ప్రభుత్వ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ) సర్టిఫికెట్ ఉన్న ఆడిటర్ సంతకం, కొలతల షీట్లు ముందే ఆర్డర్‌లో రాయించండి. సామాను అమ్మేవాళ్ళకి ఆడిట్ ఇవ్వకండి.

లీకులు మావాళ్ళే కట్టేశారు. కట్టాక మళ్ళీ టెస్ట్ చేయడం ఫీజులో ఉంది, ఫోన్ చేస్తే "వచ్చే వారం సార్" అంటున్నారు. వస్తే మూడు స్టార్లు నాలుగు చేస్తా.