డిరైవ్డ్‌ని బేస్‌గా వాడాలంటే: కాపీనా, రిఫరెన్సా, పాయింటరా?

బాలాజీ కాలనీలో మా రూమ్‌కి వచ్చే ఇంజినీరింగ్ పిల్లలు సి ప్లస్ ప్లస్‌లో పదేపదే అడిగేది ఇదే: "అన్నా, డిరైవ్డ్ ఆబ్జెక్ట్‌ని బేస్‌గా ఎట్లా పంపితే మేలు?" బేస్ అంటే మూల క్లాసు, డిరైవ్డ్ అంటే దాని మీద కట్టిన క్లాసు. కాపీ తీసి పంపొచ్చు, రిఫరెన్స్ ఇవ్వొచ్చు, లేదా పాయింటర్, అంటే ఆబ్జెక్ట్ మెమరీలో ఉన్న అడ్రస్, ఇవ్వొచ్చు. మూడు దారులూ కంపైల్ అవుతాయి. చిక్కంతా అక్కడే.

కాపీ సంగతి నాకు దెబ్బ తిన్నాకే తెలిసింది. తిరుపతిలోనే ఒక ట్రావెల్స్‌కి బిల్లింగ్ ప్రోగ్రాం రాసిచ్చాను. ట్రిప్ బేస్ క్లాసు, దాని నుంచి కొండట్రిప్. ఊళ్లో తిరిగితే 2000, కొండకు పోతే పైన ఇంకో 600. ఛార్జీ ఫంక్షన్ వర్చువల్‌గానే పెట్టాను, అంటే ఆబ్జెక్ట్ అసలు ఏ క్లాసుదైతే ఆ క్లాసు ఫంక్షనే నడిచేలా. కానీ అన్నిటినీ ట్రిప్ వెక్టర్‌లోకి, అంటే ట్రిప్‌లు వరసగా దాచే గడుల్లోకి, తోశాను. సాయంత్రం ఓనర్ బిల్లులు పట్టుకొచ్చి, "ఏం సామీ, కొండకు పోయినా కపిలతీర్థం పోయినా ఒకటే రేటా?" అన్నాడు.

ఆ వెక్టర్ గడిలో పట్టేది ట్రిప్ ఒక్కటే. కొండట్రిప్‌ని తోస్తే అందులో బేస్ భాగం మాత్రం కాపీ అయి, 600 ఉన్న మెంబర్ బయటే ఉండిపోయింది. కొత్తగా పుట్టింది అచ్చంగా ట్రిప్పే కాబట్టి వర్చువల్ పిలుపు కూడా ట్రిప్ ఛార్జీకే పోయింది. స్లైసింగ్ అనేది దీన్నే. కంపైలర్ మామూలుగా కిక్కురుమనదు, ప్రోగ్రాం ఆగదు, డబ్బులు మాత్రం తగ్గుతాయి. కాపీని నేను పక్కన పెట్టడానికి ఈ ఒక్కటి చాలు.

ఫంక్షన్‌కి పంపడానికైతే రిఫరెన్సే. ఉన్న కొండట్రిప్‌కే ఇంకో పేరు, అంతే. పబ్లిక్ ఇన్‌హెరిటెన్స్ అయితే టైపు మార్చమని చెప్పే కాస్ట్ కూడా రాయక్కర్లేదు. ఎక్సెప్షన్లు, అంటే ప్రోగ్రాం విసిరే ఎర్రర్లు, పట్టేటప్పుడూ ఇదే పద్ధతి. కాకపోతే వెక్టర్‌లో రిఫరెన్సులు దాచుకోలేం.

దాచుకోవాలంటే యూనిక్ పాయింటర్, అంటే ఆబ్జెక్ట్‌కి ఒక్కటే యజమానిగా ఉండి, చివర్లో తనే డిలీట్ చేసే పాయింటర్. కొండట్రిప్ యూనిక్ పాయింటర్ దానంతటదే ట్రిప్ యూనిక్ పాయింటర్‌గా మారుతుంది. సి ప్లస్ ప్లస్ 11 నుంచీ ఉన్నదే. బేస్‌లో డిస్ట్రక్టర్‌ని, అంటే ఆబ్జెక్ట్ పోయేటప్పుడు నడిచే ఫంక్షన్‌ని, వర్చువల్ చేయడం మరిచిపోతే మాత్రం డిలీట్ అయ్యేటప్పుడు ఏం జరుగుతుందో చెప్పలేం. షేర్డ్ పాయింటర్ అంటారా, ఒకే ఆబ్జెక్ట్‌కి నలుగురు యజమానులుంటేనే. జావా వాళ్లకు ఈ గొడవే లేదు, అక్కడ ఆబ్జెక్ట్‌కి పెట్టిన వేరియబుల్‌లో ఉండేది రిఫరెన్సే.

చివరికి నేను ట్రిప్‌లో ఛార్జీని ప్యూర్ వర్చువల్ చేసి, అంటే ఇక నేరుగా ట్రిప్ ఆబ్జెక్ట్ పుట్టకుండా చేసి, ఊరిట్రిప్ అని ఇంకో క్లాసు రాశాను. వెంటనే ఆ వెక్టర్ దగ్గర ఎర్రర్ వచ్చింది, అది అనుకున్నదే. దాంతోపాటు రసీదు ప్రింట్ చేసే ఫంక్షన్ దగ్గరా వచ్చింది. అక్కడ కూడా కాపీగానే తీసుకుంటున్నానని అప్పటిదాకా నాకే తెలీదు.