‘టెస్టెడ్’ అని అమ్మిన ఈఎల్84 వాల్వులు: బెంగళూరులో కొనేవాళ్ళు జాగ్రత్త

బెంగళూరులో పాత వాల్వు రేడియోలు బాగుచేయించుకునేవాళ్ళు, విడిగా వాల్వులు (ట్రాన్సిస్టర్లు రాకముందు రేడియోల్లో వెలిగే గాజు గొట్టాలు) కొనేవాళ్ళు ఇది చదివి వెళ్ళండి. నాకు పోయింది మూడు వేలు. డబ్బు కన్నా ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి ఉంది, అది చివర్లో చెప్తాను.

మాది హిందూపురం. మా తాతయ్య ఫిలిప్స్ రేడియో చేతులు మారి నా దగ్గరికి వచ్చింది. చెక్క పెట్టె, లోపల ఐదు వాల్వులు: ఈసీహెచ్81, ఈఎఫ్89, ఈబీసీ81, ఈఎల్84, ఈజెడ్80. ఆన్ చేస్తే బాగానే పాడేది, పది నిమిషాలయ్యాక గొంతు బొంగురుపోయేది. స్పీకరును నడిపేది ఈఎల్84 కాబట్టి అదే పోయిందని నాకు నేనే తీర్పు చెప్పేసుకున్నాను. మొదటి తప్పు నాదే.

ఒక శనివారం బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారైన ఎస్పీ రోడ్డుకు వెళ్ళి నలుగురిని అడిగితే, ఒక సందులో పాత సామాన్ల కొట్టు చూపించారు. పేరు రాయను. నేను కన్నడంలో మొదలుపెట్టగానే ఆయన నా యాస పట్టేసి, "మీది అనంతపురం సైడా అన్నా?" అన్నాడు. అంతే, నా జాగ్రత్తంతా అక్కడే కరిగిపోయింది. ఊరు కాని ఊళ్ళో తెలుగు వినబడితే మనకు బేరమాడబుద్ధి కాదు.

బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) ముద్ర ఉన్న ఈఎల్84లు రెండు తీశాడు. ఒక్కోటి 1,600. "ఫుల్లీ టెస్టెడ్ అన్నా, నీ కళ్ళతోనే చూడు" అంటూ 4, 5 పిన్నులకు వైర్లు తగిలించి 6.3 వోల్టులు ఇచ్చాడు. లోపల నారింజ రంగులో వెలిగింది. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. నా పాత వాల్వు ఇచ్చేస్తే 200 తగ్గిస్తానన్నాడు, ఇచ్చేశాను. బిల్లు అడిగితే అట్టముక్క మీద ‘ఈఎల్84, రెండు’ అని రాసిచ్చాడు. తేదీ కూడా లేదు.

ఇంటికొచ్చి ఒకటి పెట్టాను. ఇరవై నిమిషాలకల్లా మళ్ళీ అదే బొంగురు, పైగా శబ్దం మునుపటికన్నా సన్నగా వచ్చింది. తిరిగి వెళ్తే, "నీ సెట్టులోనే ఏదో లోపముంది, నా వాల్వు కాల్చేశావు. కాలినదాన్ని ఎవరు వెనక్కి తీసుకుంటారన్నా?" అన్నాడు. ‘అన్నా’ మాత్రం వదల్లేదు.

ఆయన మాటలో సగం నిజముందని తర్వాత తెలిసింది. తెలిసినవాళ్ళ ద్వారా జాలహళ్ళిలో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ఒకప్పుడు మన రేడియోలకు వాల్వులు తయారుచేసిన బీఈఎల్‌లోనే పనిచేసి రిటైరైన మనిషి. ఆయన సెట్టును నేరుగా కరెంటుకు పెట్టలేదు. వరసలో 60 వాట్ల పాతకాలపు ఫిలమెంట్ బల్బు కలిపి, దాని వెలుగు చూశాక మెల్లగా పని మొదలుపెట్టారు. ఈఎల్84 రెండో పిన్ను, అంటే వాల్వులో కరెంటును అదుపుచేసే గ్రిడ్ దగ్గర, మీటరు పెడితే 9 వోల్టులు చూపించింది. "అక్కడ సున్నా ఉండాలి బాబూ" అన్నారు. ఈబీసీ81 నుంచి ఆ గ్రిడ్‌కు వచ్చే పాత పేపర్ కెపాసిటర్ కాలు ఒకటి విప్పగానే మీటరు సున్నాకు దిగింది. ఆ కెపాసిటర్ లీకవుతోంది. విప్పినా దిగకపోతే వాల్వులోనే గ్యాస్ ఉన్నట్టట. గ్రిడ్ పాజిటివ్ అయితే వాల్వు మితిమీరి కరెంటు లాగుతుంది, ఆ కరెంటు అందుకునే ప్లేటు ఎర్రబడుతుంది, ఒక్కోసారి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా పోతుంది. ఎంత మంచి వాల్వు తెచ్చినా నేనే చంపుకునేవాణ్ణి. ఈ మాట ఆయన నాలుగుసార్లు గుర్తుచేశారు, పడాల్సిందే.

మరి కొట్టాయన తప్పు లేదా? నేను కొన్నవి రెండు. రెండోది సెట్టులో పెట్టనే లేదు. పెద్దాయన తన టెస్టర్లో ప్లేటుకు, స్క్రీను అనే రెండో గ్రిడ్‌కు 250 వోల్టులు, మొదటి గ్రిడ్‌కు మైనస్ 7.3 ఇచ్చారు. మంచి ఈఎల్84 అయితే ప్లేటు కరెంటు 48 మిల్లీ ఆంపియర్లు రావాలి. సెట్టులో పెట్టినదానికి 14 వచ్చింది. అసలు పెట్టనిదానికి 19! సెట్టే కాల్చిందన్న మాట ఆ రెండోదానికి చెల్లదు కదా.

ఫిలమెంట్ వెలిగిందంటే లోపలి తీగ తెగలేదని మాత్రమే అర్థం. దాని వేడికి ఎలక్ట్రాన్లు ఇవ్వాల్సింది కాథోడ్ మీది పూత. ఏళ్ళ తరబడి వాడాక ఆ పూత సత్తువ పోతుంది, తీగ మాత్రం కొత్తదానిలాగే వెలుగుతూ ఉంటుంది. పొయ్యి వెలుగుతోందని గిన్నెలో అన్నం ఉందనుకుంటామా! పైన అద్దంలా మెరిసే వెండి పూత పాలలా తెల్లబడితే గాలి చొరబడినట్టు, అలాంటిది ముట్టుకోకండి. అది మెరుస్తూ ఉన్నంత మాత్రాన వాల్వులో సత్తువ ఉన్నట్టూ కాదు, నావి రెండూ తళతళలాడుతూనే ఉన్నాయి. బీఈఎల్ అక్షరాలు తడివేలితో రుద్దితే వచ్చేశాయి. నకిలీ అని నేను ఎగిరాను. పాత వాల్వుల అసలు ముద్రలు కూడా అలాగే చెరిగిపోతాయి, దాన్నిబట్టి ఏమీ చెప్పలేమన్నారు పెద్దాయన.

కాబట్టి ఎవరైనా ‘టెస్టెడ్’ అంటే దేనిమీద టెస్ట్ చేశారు, ప్లేటు కరెంటు ఎంత వచ్చింది అని అడగండి. అంకె చెప్పలేకపోతే, లేదా మీటరు ‘బీప్’ అనిపించి చూపిస్తే, అది టెస్ట్ చేయని వాల్వు కిందే లెక్క, ధర కూడా అలాగే కట్టండి. వారంలో వెనక్కి తీసుకుంటానని తేదీతో రాయించుకోండి. కొనడానికి వెళ్ళే ముందే ఆ గ్రిడ్ కెపాసిటర్ మార్పించండి, నాకు 630 వోల్టుల కొత్త ఫిల్మ్ కెపాసిటర్ వేశారు. ఖర్చు టీ డబ్బులు. సొంతంగా విప్పేవాళ్ళకు ఒక మాట: స్విచ్ తీసేశాక కూడా పెద్ద కెపాసిటర్లలో 250 వోల్టుల పైన నిలిచి ఉండొచ్చు. యూసీహెచ్81, యూఎల్84 లాంటి ‘యూ’ వాల్వులున్న సెట్లలో, అన్నీ బిగించిన లోపలి రేకు చట్రం, అంటే ఛాసిస్‌కే మెయిన్స్ కరెంటు తగిలి ఉంటుంది.

అదే కొట్లో ‘వర్కింగ్ కండిషన్’ అని పెట్టిన రెండు పాత రేడియోలు కూడా చూశాను. వెనక అట్ట తీయమంటే ఆయనకు చిరాకొచ్చింది. ఒకదాంట్లో వాల్వులూ లేవు, స్టేషన్లు మార్చే గ్యాంగ్ కండెన్సరూ లేదు. బ్లూటూత్ బోర్డు ఒకటి వేలాడుతోంది.

ఇక చివర్లో చెప్తానన్నది. కెపాసిటర్ మార్చాక పెద్దాయన తన దగ్గరున్న ఈఎల్84 ఒకటి పెట్టి చూస్తే రేడియో గంటసేపు చక్కగా పాడింది. అంటే నేను 200 రూపాయలకు వదిలేసిన మా పాత వాల్వు బాగానే ఉండి ఉండొచ్చు. హిందూపురంలో ఎప్పుడో మా రేడియో మెకానిక్ దాని గాజు మీద, పిన్నులకు కాస్త పైన, ఎర్ర ఎనామిల్ చుక్క పెట్టాడు. అలాంటి చుక్కున్న ఈఎల్84 మీకు ఎస్పీ రోడ్డులో ఎక్కడైనా కనబడితే దయచేసి నాకు చెప్పండి, 1,600 అన్నా సరే కొనుక్కుంటాను.