పదకొండేళ్ళ లిబ్రెఆఫీస్: తెలుగు రాసుకునేవాడి లెక్క

2014 ఏప్రిల్‌లో విండోస్ ఎక్స్‌పీకి భద్రతా నవీకరణలు ఆగిపోయినప్పుడు, నా దగ్గరున్న ల్యాప్‌టాప్ కొత్త విండోస్‌ను మోయగల స్థితిలో లేదు, కొత్త యంత్రం కొనగల స్థితిలో నేనూ లేను. అందువల్ల అభిమానంతో కాక అవసరం కొద్దీ ఆ నెలాఖరున ఉబుంటు 14.04 అనే ఉచిత లైనక్స్ వ్యవస్థను వేసుకుని, దానితోపాటు వచ్చిన ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేర్ లిబ్రెఆఫీస్‌తో పని మొదలుపెట్టాను. ఈ పదకొండేళ్ళలో రెండు ల్యాప్‌టాప్‌లు మారాయి. లిబ్రెఆఫీస్ కూర్పు సంఖ్యలు 4.2 దగ్గర మొదలై, 2024 నుంచి ఏడాదినీ నెలనూ కలిపి లెక్కపెట్టే పద్ధతికి చేరుకున్నాయి. నా పని మాత్రం ఇప్పటికీ అదే: తెలుగులో వ్యాసాలు రాయడం, మా ఊరి గ్రంథాలయం ఏటా వేసే సంచికను కూర్చడం, మా నాన్నగారు రాసి 2000 తరువాతి ఏళ్ళలో డీటీపీ చేయించిన తొంభై పైచిలుకు వ్యాసాలను మళ్ళీ చదవదగిన రూపంలోకి తేవడం.

మూడవ పని ఎక్కువ కాలం పట్టింది, ఈ సాఫ్ట్‌వేర్ మీద నా అభిప్రాయం చాలామటుకు అక్కడే ఏర్పడింది. నాన్నగారి బీరువాలో దొరికిన సీడీలలో ఉన్నవి అచ్చుపేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ ఫైళ్ళు, వాటిలోని తెలుగు 'అను' అనే పేరున్న ఫాంట్లతో కూర్చినది. ఆ రోజుల్లో డీటీపీ కేంద్రాలన్నిటా అదే పద్ధతి కాబట్టి దాన్ని తప్పుపట్టలేం. అయితే ఆ ఫాంట్లలో తెలుగు అక్షరం కంప్యూటరుకు తెలుగు అక్షరంగా తెలియదు. ఇంగ్లీషు, ఇతర యూరపు భాషల గుర్తులకు కేటాయించిన స్థానాలలో తెలుగు అక్షరాల ముక్కలను, అంటే తలకట్టులను, గుడులను, వత్తులను బొమ్మలుగా కూర్చి పెట్టారు. ఆ ఫాంటు ఉన్నంతసేపూ అది తెలుగు; ఫాంటు తీసేసిన మరుక్షణం అర్థంలేని గుర్తుల వరుస.

లిబ్రెఆఫీస్ 4.4 నుంచి అందులోని డ్రా అనే భాగం పేజ్‌మేకర్ ఫైళ్ళను తెరవగలుగుతోంది. ఆ సంగతి తెలిసిన రోజున నాకు కలిగిన సంతోషం ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. పేజీ కూర్పు చెదిరిపోయింది, పెట్టెలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి, అయినా పాఠం మొత్తం బయటికి వచ్చింది. వచ్చినదాన్ని, ప్రతి లిపి అక్షరానికీ దాని సొంత సంకేతం ఇచ్చే యూనికోడ్‌లోకి మార్చే ఉపకరణాలు ఉన్నాయి. వాటి దగ్గర తేలిన చిక్కు ఏమిటంటే, పాత ఫాంట్లలో అక్షరాలు కంటికి కనిపించే వరుసలో ఉంటాయి, యూనికోడ్‌లో పలికే వరుసలో ఉంటాయి. 'క్షి' అని రాయడానికి పాత పద్ధతిలో ముందు గుడితో కలిసిన 'కి' బొమ్మ, తరువాత షవత్తు బొమ్మ వస్తాయి. యూనికోడ్‌లో క, పొల్లు, ష, చివరగా గుడి రావాలి. ఒక వత్తు ఉన్నప్పుడు మార్పిడి సజావుగానే జరిగింది కానీ, 'స్త్రీ', 'రాష్ట్రం' వంటి రెండు వత్తుల మాటలు వచ్చిన చోటల్లా నేను చేత్తో దిద్దుకోవలసి వచ్చింది. ఒకే రకం తప్పు పదే పదే వస్తుంది కాబట్టి, లిబ్రెఆఫీస్‌లో రాతపనికి ఉన్న రైటర్‌లోని 'వెతికి మార్చు' సదుపాయంతో చాలా భాగం తేలికైంది.

ఈ అనుభవం తరువాత సాఫ్ట్‌వేర్‌ను చూసే నా దృష్టి మారిపోయింది. ఎన్ని హంగులున్నాయన్నది నాకు రెండో ప్రశ్న. ఈరోజు దాచిన ఫైలును పదిహేనేళ్ళ తరువాత, ఆ కంపెనీ ఉన్నా లేకపోయినా, నా పిల్లలు తెరవగలరా అన్నది మొదటి ప్రశ్న. లిబ్రెఆఫీస్ చరిత్రే దీనికి కొంత సమాధానం చెబుతుంది. జర్మనీలో స్టార్‌ఆఫీస్‌గా పుట్టిన ఈ కార్యక్రమాన్ని 1999లో సన్ సంస్థ కొన్నది, మరుసటి ఏడాది దాని మూలకోడును ఓపెన్‌ఆఫీస్ పేరుతో అందరికీ విడుదల చేసింది. 2010లో సన్‌ను ఒరాకిల్ కొన్న తరువాత, దాన్ని రాస్తున్నవారిలో చాలామంది బయటికి వచ్చి డాక్యుమెంట్ ఫౌండేషన్ కింద లిబ్రెఆఫీస్‌గా కొనసాగించారు. యజమానులు ఇన్నిసార్లు మారినా లిబ్రెఆఫీస్ పాఠాలను దాచే ఓడీటీ ఫైలు చెక్కుచెదరలేదు. అది 2006లోనే అంతర్జాతీయ ప్రమాణమైంది. పైగా ఓడీటీ ఫైలు అంటే లోపల మామూలు జిప్ మూటే. దాన్ని విప్పితే 'కంటెంట్' అనే ఎక్స్ఎంఎల్ ఫైలులో మనం రాసినదంతా యూనికోడ్ తెలుగులో చదువుకోవచ్చు. ఒకసారి పెన్‌డ్రైవ్ పాడై సంచిక ఫైలు తెరుచుకోనప్పుడు నేను అలాగే మూట విప్పి సంపాదకీయం మొత్తం బయటికి తీసుకున్నాను.

టైపింగు సంగతికి వస్తే, నేను ఇన్‌స్క్రిప్ట్ పద్ధతినే వాడతాను. ఉబుంటులో తెలుగు కీబోర్డును చేర్చుకుంటే వచ్చేది దాదాపు అదే; ఇంగ్లీషు ఉచ్చారణను బట్టి కొట్టే అలవాటున్నవారికి కగప పద్ధతి, సరళ పద్ధతి కూడా ఉన్నాయి. ఇన్‌స్క్రిప్ట్‌లో ఎడమచేతి వైపు అచ్చులు, గుణింతాలు, పొల్లు ఉంటాయి, కుడిచేతి వైపు హల్లులు ఉంటాయి. మొదటి మూడు వారాలు నరకం. ఆ తరువాత రెండు చేతులూ ఒకదాని తరువాత ఒకటి నడిచే లయ పట్టుబడితే, ఇంగ్లీషు అక్షరాల్లో ఆలోచించి తెలుగులోకి మార్చుకునే శ్రమ పూర్తిగా పోతుంది. నా చేతికి ఇప్పుడు 'లక్ష్మి' అంటే ఏడు మీటలు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. కంటికి రెండే అక్షరాలు కనిపిస్తాయి, ఫైలులో అవి ఏడు సంకేతాలు, యూనికోడ్‌ను దాచే యూటీఎఫ్-8 పద్ధతి లెక్కన ఇరవై ఒక్క బైట్లు. ఈ తేడా తెలియని సాఫ్ట్‌వేర్ తెలుగు అక్షరాలు లెక్కపెట్టినప్పుడల్లా తప్పుతుంది, అందుకే లిబ్రెఆఫీస్ చూపించే అక్షరాల సంఖ్యను నేను పట్టించుకోను, మాటల సంఖ్యను మాత్రమే చూస్తాను.

ఇక్కడే కంటికి కనిపించని ఒక గుర్తు గురించి చెప్పాలి. 'సాఫ్ట్‌వేర్' అని రాసేటప్పుడు పొల్లు తరువాతి అక్షరం వత్తుగా మారకుండా ఆపడానికి జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తును పెట్టాలి, లేకపోతే అది 'సాఫ్ట్వేర్' అయి కూర్చుంటుంది. రాసేవారిలో సగం మంది దీన్ని పెడతారు, సగం మంది పెట్టరు. కంప్యూటరు దృష్టిలో ఆ రెండూ వేర్వేరు మాటలు. పాఠ్య ఫైళ్ళలో నేను ఒక రూపంతో వెతికితే రెండో రూపం దొరకక, ఉన్న వ్యాసాన్నే పోయిందనుకున్న సందర్భాలున్నాయి. ఈ గుర్తు మహిమ 2018 ఫిబ్రవరిలో లోకమంతటికీ తెలిసింది: 'జ్ఞా' అనే అక్షరాన్ని ఈ గుర్తుతో కలిపి పంపితే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలేవి, ఆపిల్ ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేసింది. జ్ఞానం పనికిరాదని ఫోన్లు తేల్చాయని మా మిత్రబృందంలో ఆ వారమంతా హాస్యమాడుకున్నాం.

లిబ్రెఆఫీస్ మీద నా అతిపెద్ద ఫిర్యాదు తెలుగు కొత్తగా మొదలుపెట్టేవారిని అది బెదరగొట్టే తీరు. ఇంగ్లీషు వంటి లిపులకు ఒక ఫాంటు, భారతీయ లిపుల వంటి 'కాంప్లెక్స్' లిపులకు మరొక ఫాంటు ఉండాలని దాని లెక్క. ఆ రెండో వరుస కనిపించాలంటే ఆప్షన్స్‌లోని భాషల విభాగానికి వెళ్ళి కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్‌ను ఎంచుకోవాలి, లేదంటే శైలిలో అక్షరాల సైజును 12 నుంచి 14కు పెంచినప్పుడు ఇంగ్లీషు మాటలు పెరిగి తెలుగు మాటలు అలాగే ఉండిపోతాయి. మా గ్రంథాలయ కార్యదర్శి ఈ ఒక్క కారణంతో రెండుసార్లు దీన్ని తీసేయించారు. విషయం బోధపడిన తరువాత మాత్రం ఇదే ఏర్పాటు వరంగా తోస్తుంది: తెలుగుకు మండలి, ఇంగ్లీషుకు లిబరేషన్ సెరిఫ్ అని శైలిలో ఒకసారి రాసి పెట్టుకుంటే, ఒకే వాక్యంలో రెండు భాషలు కలిసినా దేని ఫాంటు, దేని సైజు దానికి వాటంతట అవే వస్తాయి. ఇంత ఉపయోగపడే ఏర్పాటును అంత లోతున ఎందుకు దాచారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

అక్షరదోషాలను పట్టే సదుపాయం గురించి ఉదారంగా మాట్లాడలేను. తెలుగు పదాల జాబితా దానితోపాటే వస్తుంది, కానీ తెలుగు మాటలు జాబితాకు లొంగేవి కావు. 'చేయు' అన్న ఒక్క క్రియ నుంచి చేసి, చేస్తే, చేశాకే, చేయనందుకు, చేయించుకోవాలనుకున్నవారికి అంటూ రూపాలు పుట్టుకొస్తూనే ఉంటాయి, వాటికి సంధులు తోడవుతాయి. ఫలితంగా పేజీ నిండా ఎర్రగీతలు పడి అసలు తప్పు ఆ ఎరుపులో దాక్కుంటుంది. ఆరు నెలలు ఓపిక పట్టి దాన్ని ఆపేశాను. ఇప్పుడు నేను తరచుగా చేసే పొరపాట్లను మాత్రం ఆటోకరెక్ట్‌లో రాసుకున్నాను, పొడవైన పేర్లను ఆటోటెక్స్ట్‌లో దాచుకుని రెండు అక్షరాలు కొట్టి ఎఫ్3 నొక్కుతాను, ప్రూఫులు కాగితం మీద ఎర్ర పెన్నుతోనే దిద్దుతాను.

అక్షరాలు తెర మీద కనిపించే తీరులో మాత్రం స్పష్టమైన మెరుగుదల ఉంది. 2017లో వచ్చిన 5.3 కూర్పు నుంచి అన్ని రకాల కంప్యూటర్లలోనూ లిబ్రెఆఫీస్ అక్షరాలను పేర్చే పనిని ఒకే ఉచిత కార్యక్రమం హార్ఫ్‌బజ్‌కు అప్పగించింది, కాబట్టి నా లైనక్స్‌లో సరిగా కనిపించిన వత్తు మిత్రుడి విండోస్‌లో పక్కకు జరగడమనే తగాదా తీరిపోయింది. ఫాంట్లకు కొదవ లేదు: పోతన, వేమన ఉబుంటు భాండారంలోనే దొరుకుతాయి, మండలి, రామభద్ర, గిడుగు, సురవరం వంటివి ఉచితంగా దించుకోవచ్చు. సంచికలో వ్యాసాలకు మండలి, శీర్షికలకు రామభద్ర అన్నది మా ఆనవాయితీ. ఒక జాగ్రత్త అవసరం: పంక్తుల మధ్య ఎడాన్ని స్థిరమైన కొలతగా పెట్టవద్దు, కింది వత్తులు తెగిపోతాయి, నిష్పత్తిగా, కనీసం 115 శాతం ఇస్తే 'స్త్రీ' కింద 'క్ష్మీ' వచ్చినా ఒకదానికొకటి తగలవు.

పీడీఎఫ్ విషయంలో లిబ్రెఆఫీస్ చేసే ఒక మేలు చాలామందికి తెలియదు. తెలుగు పీడీఎఫ్ నుంచి పాఠాన్ని కాపీ చేసి చూసినవారికి గుణింతాలు ఎగిరిపోయి, వత్తులు చెల్లాచెదురై వచ్చే కంగాళీ పరిచయమే. పీడీఎఫ్‌గా ఎగుమతి చేసేటప్పుడు 'హైబ్రిడ్ పీడీఎఫ్' అనే గడిని ఎంచుకుంటే అసలు ఓడీటీ ఫైలు కూడా దానిలోనే ఇమిడిపోతుంది. చదివేవారికి అది మామూలు పీడీఎఫ్. లిబ్రెఆఫీస్‌లో తెరిస్తే దిద్దుకోదగిన పూర్తి పాఠం. సైజు కొంత పెరుగుతుంది, అంతే. 2016 నుంచి మా సంచికలన్నిటినీ ఈ రూపంలోనే భద్రపరుస్తున్నాను.

ఇతరులతో ఇచ్చిపుచ్చుకోవడం దగ్గర కష్టాలు తీరలేదు. వర్డ్ ఫైళ్ళను ఇది తెరుస్తుంది, ఆ రూపంలో దాచుతుంది కూడా, అయితే పట్టికలు, పాదసూచికలు, బొమ్మల చుట్టూ పాఠం ఉన్న ఫైలు నాలుగు సార్లు అటూ ఇటూ తిరిగితే ఏదో ఒకటి పక్కకు జరిగిపోతుంది. నా పద్ధతి ఏమిటంటే మూలప్రతిని ఎప్పుడూ ఓడీటీలోనే ఉంచి, అడిగినవారికి చివరలో ఒక్కసారి వర్డ్ ప్రతి తీసి ఇస్తాను. ఇక ముద్రణకు వెళ్ళినప్పుడు వింత మరొకటి: మేము సంచిక ఇచ్చే ప్రెస్సు వారు నా యూనికోడ్ పాఠాన్ని మళ్ళీ 'అను' ఫాంట్లలోకి మార్చుకుని పేజీలు కడతారు, ఆ మార్పిడిలో వచ్చిన తప్పులను దిద్దడానికి మాకు మరో విడత ప్రూఫులు వస్తాయి. రెండేళ్ళుగా పేజీలు నేనే రైటర్‌లో కట్టి పీడీఎఫ్ ఇస్తున్నాను. అందం కొంచెం తగ్గింది, తప్పులు బాగా తగ్గాయి.

మిగిలిన భాగాల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. చందాదారుల పట్టికకు కాల్క్ సరిపోతుంది. స్లైడ్లు తయారుచేసే ఇంప్రెస్‌ను ఏడాదికి ఒకసారి తెరుస్తాను, తెరిచినప్పుడల్లా మూసేయాలనిపిస్తుంది. మెనూల వరుస పాతకాలంగా ఉందని ఇబ్బందిపడేవారికి 6.2 నుంచి ట్యాబుల రూపం కూడా ఉంది. నేను మాత్రం పాతదానికే అలవాటుపడ్డాను. బ్యాటరీ చచ్చిన ల్యాప్‌టాప్‌తో, వేళాపాళా లేకుండా కరెంటు పోయే ఊళ్ళో పనిచేసేవాడిగా, 24.2 నుంచి ఆటోరికవరీని ముందే ఆన్ చేసి ఇవ్వడం నాకు అన్ని హంగుల కంటే మిన్న.

విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో ఉచిత మద్దతు ముగిసింది కాబట్టి, 2014లో నేను నిలబడ్డ చోటే ఇప్పుడు చాలామంది నిలబడి ఉన్నారు, కొందరు నన్ను అడుగుతున్నారు కూడా. లిబ్రెఆఫీస్ విండోస్‌లోనూ నడుస్తుంది కాబట్టి ముందు దాన్ని అక్కడే మూడు నెలలు వాడి, తరువాత లైనక్స్ సంగతి చూడమని వారికి చెబుతున్నాను. ఆఫీసు పని అంతా వర్డ్ ఫైళ్ళలోనే తిరిగేవారికి, స్క్రీన్ మీదే తెలుగు దోషాలు పట్టుకోవాలనుకునేవారికి నేను దీన్ని సిఫారసు చేయను. సొంతంగా రాసుకుని, రాసినదాన్ని దాచుకోవాలనుకునేవారికి చేస్తాను.

నాన్నగారి సీడీలలో రెండు ఎంత ప్రయత్నించినా చదవబడలేదు. వాటిలో ఉండవలసిన పద్నాలుగు వ్యాసాలు గ్రంథాలయంలోని పాత సంచికల్లో అచ్చు రూపంలో ఉన్నాయి. వాటిని స్కాన్ చేసి, టెసరాక్ట్ అనే ఉచిత కార్యక్రమంతో పాఠంగా మారుస్తున్నాను. 'ద'కూ 'ధ'కూ, 'వ'కూ 'ప'కూ అది తడబడుతుంది, పాత కాగితం మీద చుక్క కనిపిస్తే సున్న అనుకుంటుంది. ఆదివారానికి ఒకటి చొప్పున దిద్ది ఓడీటీలో దాస్తున్నాను, ఇప్పటికి ఐదు అయ్యాయి.