కరెస్పాండెన్స్ చెస్‌కి సాఫ్ట్‌వేర్ కొనాలా, ఫ్రీది సరిపోద్దా?

మొన్న వైజాగ్ ఎంవీపీ కాలనీలో మా కింద వాటా కుర్రాడు, అన్నా, కరెస్పాండెన్స్ చెస్‌కి (ఒక్కో ఎత్తుకి రోజుల తరబడి టైమ్ ఉండే ఆట) ఫ్రిట్జ్ అనే సాఫ్ట్‌వేర్ కొనేద్దామనుకుంటున్నా, ఏమంటావ్ అన్నాడు. ముందు నువ్వెక్కడ ఆడుతున్నావో చెప్పరా అన్నా. లిచెస్ సైట్లోనో, చెస్ డాట్ కామ్ డైలీ గేముల్లోనో అయితే నడుస్తున్న గేమ్‌కి ఇంజిన్ (ఎత్తులు లెక్కేసి చెప్పే ప్రోగ్రామ్) పెట్టకూడదు, దొరికితే అకౌంట్ పోద్ది, ఓపెనింగ్ డేటాబేస్ (ఆట మొదట్లో ఎవరెవరు ఏ ఎత్తులు వేశారో చూపించేది) వరకే చూసుకోవచ్చు. ఐసీసీఎఫ్‌లో (కరెస్పాండెన్స్ చెస్ అంతర్జాతీయ సమాఖ్య) మాత్రం ఇంజిన్ వాడినా తప్పులేదు, చాలా టోర్నీల్లో 10 ఎత్తులకి 50 రోజులు టైమ్ కాబట్టి రాత్రుళ్లు మెషీన్ నడుపుకుంటూ ఆడే ఆట అది. వాడు ఆడేది అక్కడే.

అయితే ఇంజిన్‌కి రూపాయి కూడా పెట్టొద్దు. స్టాక్‌ఫిష్ అనే ఇంజిన్ ఫ్రీ, 2020లో 12వ వెర్షన్‌కి న్యూరల్ నెట్‌వర్క్ తగిలించాక దాన్ని కొట్టేది బజార్లో కొందామన్నా లేదు. 2021లో ఫ్రిట్జ్ అమ్మే చెస్‌బేస్ కంపెనీ వాళ్లు ఫ్యాట్ ఫ్రిట్జ్ 2 అని దాదాపు 100 యూరోలకి అమ్మారు, విప్పి చూస్తే లోపల స్టాక్‌ఫిష్ కోడే, నెట్‌వర్క్ ఒక్కటి మార్చారు. అన్నదానంలో పెట్టిన పులిహోర డబ్బాలో సర్ది అమ్మినట్టు. స్టాక్‌ఫిష్ వాళ్లు జర్మనీలో కేసేశారు, 2022లో రాజీ కుదిరి అమ్మకం ఆగింది. గ్రాఫిక్స్ కార్డ్ గట్టిదుంటే లీలా అనే ఇంజిన్ కూడా పెట్టుకో, అదీ ఫ్రీయే.

పాత గేములు దాచుకుని వెతుక్కునే డేటాబేస్ దగ్గరే నాకు కొంచెం అటూఇటూ. ఆ కంపెనీదే చెస్‌బేస్ అనే ప్రోగ్రామ్ చేతికి హాయిగా ఉంటది, పొజిషన్ పెట్టి వెతికితే చిటికెలో గేములు పడతాయి, కామెంట్లు రాసిన గేములు దాని మెగా డేటాబేస్‌లో ఉన్నన్ని ఫ్రీగా దొరకవు, కానీ విండోస్ ఉండాలి, వెల చూస్తే గుండె జారుద్ది. స్కిడ్ వర్సెస్ పీసీ అనే ఫ్రీ డేటాబేస్ ప్రోగ్రామ్ మొహం చూస్తే ఎప్పటిదో పాత ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లా ఉంటది గానీ, లైనక్స్‌లో కూడా నడుస్తది, నా గేములన్నీ నాలుగేళ్లుగా అందులోనే, ఒక్కటీ పోలేదు.

పోయింది వేరేచోట. మే నెల్లో ఒకరాత్రి ఒకే పొజిషన్ మీద ఇంజిన్ వదిలేసి పడుకున్నా, రెండింటికి కరెంటు పోయింది, ముసలి బ్యాటరీ పది నిమిషాలు కూడా ఆగలేదు, సేవ్ చెయ్యలేదు, పొద్దున లేచేసరికి ఇంజిన్ లెక్కేసిన ఎత్తుల వరసలన్నీ గోవిందా, నేను మాత్రం చెమటతో తడిసి ఉన్నా. సాఫ్ట్‌వేర్ డబ్బుతో యూపీఎస్ కొనమని అందుకే చెప్తా, ఇంకా మిగిలితే ఎస్ఎస్‌డీ. 6 పావుల టేబుల్‌బేస్ (బోర్డు మీద అన్నే మిగిలితే ఫలితమేంటో ముందే లెక్కేసి పెట్టిన ఫైళ్లు) 150 జీబీ దాకా ఉంటది, ఇంట్లో పెట్టుకోవచ్చు, 7 పావులది 18 టీబీ పైనే, అది లిచెస్ సైట్లో చూసుకుంటే పోలా.

ఇంకోటి. ఒక గేమ్‌లో బంట్లన్నీ ఒకదానికొకటి అడ్డంపడి దారులు మూసుకుపోయాయి, స్టాక్‌ఫిష్ మూడు వారాలు నాకు ప్లస్ ఒకటి (ఒక బంటంత పైచేయి) చూపిస్తూనే ఉంది, చెప్పే ఎత్తులు మాత్రం ఏనుగుని అటొక గడి ఇటొక గడి. లోపలికి దూరే సందే లేదని నోట్‌బుక్‌లో బోర్డు గీసుకుంటే గానీ నాకు వెలగలేదు, డ్రా ఇచ్చేశా. ఐసీసీఎఫ్‌లో పెద్దస్థాయిలో దాదాపు అన్నీ డ్రాలే.

కుర్రాడు ఫ్రిట్జ్ ఊసెత్తట్లేదు, యూపీఎస్ ఎక్కడ చవకో కనుక్కోడానికి డాబా గార్డెన్స్ పోయొచ్చాడు.