మొదటి బండి: రెబెల్ 300నా, నింజా 400నా?

లైసెన్స్ రాగానే చాలామంది చూపు నేరుగా కవాసాకి వాళ్ళ స్పోర్ట్స్ బండి నింజా 400 మీదకే పోద్ది, బండి అలా ఉంటది మరి. కానీ సీట్ ఎత్తు చూడండి, నింజాది 785 మిల్లీమీటర్లు, హోండా రెబెల్ 300ది 690, అంటే సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు రెబెల్ మీద రెండు పాదాలూ పూర్తిగా నేలకి ఆనుతాయి, పొట్టిగా ఉన్నవాళ్ళకి సగం భయం అక్కడే పోద్ది. బరువు రెండూ దాదాపు 165 కిలోలే. యూటర్న్‌లో పడేస్తే (కొత్తలో అందరూ పడేస్తారు లెండి) నింజాకి ఫెయిరింగ్ (బండి ముందూ పక్కలా కప్పి ఉండే ప్లాస్టిక్ తొడుగు) పగులుద్ది, రెబెల్‌కి ఏ లివరో ఇండికేటరో పోతుంది అంతే. హైవే మీద మాత్రం సీన్ రివర్స్, నింజా 399 సీసీ రెండు సిలిండర్ల ఇంజన్ ముందు రెబెల్ 286 సీసీ సింగిల్ సిలిండర్ ఇంజన్ ఆయాసపడుద్ది, వెనక ఇంకో మనిషి ఎక్కితే ఇంక చెప్పక్కర్లేదు. రోజూ హైవే పనుంటే నింజానే, లేదంటే నా ఓటు రెబెల్‌కే, అదీ సెకండ్ హ్యాండ్‌లో.